పత్తి దురద

తల వంచుకుని రండి, ఈ మిద్దె వాకిలి పొట్టిది. సంక్రాంతి పోయి వారమైంది. కౌతాళంలో బయట ఎండ చురుక్కుమంటోంది. లోపల మాత్రం చీకటి. కళ్లు సర్దుకునేదాకా కనిపించేది ఒక్కటే: దూలాలు తగిలేలా పోసిన పత్తి కుప్ప. ఆదోని మార్కెట్లో ధర లేదని కొడుకు పంటంతా ఇంట్లోనే పోసి, పెళ్లాన్ని వెంటబెట్టుకుని గుంటూరు వైపు మిరపకాయలు కోయడానికి సుగ్గికి పోయాడు. మిగిలింది అవ్వ, మనవడు. వాళ్ల పక్కలు ఆ కుప్పను ఆనుకునే పరిచి ఉన్నాయి. వేరే చోటు లేదు మరి.

అవ్వకు జ్వరం వచ్చి ఇది తొమ్మిదో రోజు. దగ్గర కూర్చోండి. రెండు చేతులతో కణతలు అదుముకుంటోంది. "తలకాయ పగిలిపోతాది నాయనా." ఉండుండి చెయ్యి మోచేతి కిందికి పోతుంది, గీక్కుంటుంది. గోరు గీసిన చోట సన్నటి ఎర్ర గీతలు. మీరు అటే చూస్తుంటే, "ఇదా? పత్తి దురదలే" అంటుంది. ఇంట్లో పత్తి పోసుకున్న ప్రతివాళ్లకీ ఒళ్లు దురద మామూలే. ఆ మామూలు చాటునే అసలు సంగతి దాక్కుంది.

కాసేపు మాట్లాడకండి. కుప్ప వెనక సరసరమంది, విన్నారా? ఎలుక. పత్తిగింజ కోసం వచ్చి, అంత మెత్తటి గూడు దొరికితే వదులుతుందా! దాని బొచ్చులో నువ్వుగింజంత పురుగు ఉంటుంది. రెక్కలుండవు, దూకుతుంది. డాక్టర్లు ఫ్లీ అంటారు. కుట్టి రక్తం తాగుతూ అక్కడే రెట్ట వేస్తుంది. రికెట్సియా టైఫీ అనే క్రిమి ఆ రెట్టలో ఉంటుంది. దురద పుట్టి గీక్కుంటే, మన గోటితో మనమే దాన్ని ఒంట్లోకి రుద్దుకున్నట్టు. ఎండిన రెట్ట దుమ్ములో కలిసి ఊపిరితోనూ పోగలదు. వారం, రెండు వారాలకు జ్వరం తగులుకుంటుంది. మ్యూరిన్ టైఫస్, అంటే ఎలుకల టైఫస్.

ప్లేగును మోసింది కూడా ఈ పురుగే. ఆదోని ఇంకా బళ్లారి జిల్లాలో ఉన్న రోజుల్లో (ఆంధ్రలో కలిసింది 1953లో) ఎలుకలు రాలితే జనం ఊరు ఖాళీ చేసి పొలాల్లో గుడిసెలు వేసుకునేవారు. ఈ టైఫస్‌తో మాత్రం ఎలుక చావదు, పురుగూ చావదు. ముందుగా తెలిసే దారే లేదు.

అవ్వ దిండు కింద నుంచి ఒక కాగితం తీసింది. విడాల్ పరీక్ష పాజిటివ్. టైఫాయిడ్ అన్నారట, నాలుగు రోజులు సూదులు వేశారట. టైఫాయిడ్ అన్న మాటకు అర్థమే టైఫస్ లాంటిదని. పేర్లు చుట్టాలే గానీ క్రిములు వేరు. టైఫాయిడ్‌కు వేసే సెఫ్‌ట్రయాక్సోన్, కణాల లోపల కాపురముండే రికెట్సియా మీద పనిచెయ్యదు.

ఆటోలో ఆదోని చేరేసరికి అవ్వకు ఆయాసం మొదలైంది. షుగర్ కూడా ఉంది. డాక్టరమ్మ చంకలు, నడుము మడతలు అన్నీ వెతికింది. 2025 డిసెంబరులో రాష్ట్రమంతా స్క్రబ్ టైఫస్ గోల. చిత్తూరు జిల్లాలో కేసులు మరీ ఎక్కువ. నల్లిని పోలిన పురుగు కుట్టినచోట కాలినట్టు నల్లమచ్చ పడుతుందని అప్పుడు అందరికీ తెలిసింది. అవ్వ ఒంటిమీద అది లేదు. ఎలుకల టైఫస్‌లో ఆ మచ్చ పడదు. పొట్టమీద, ఛాతీమీద దద్దు వస్తుంది గానీ అది సగం మందికే, నల్లటి ఒంటిమీద అదీ సరిగా ఆనదు.

"ఇంట్లో ఎలుకలున్నాయా అవ్వా?"

"ఎలుకల్లేని ఇల్లు యాడుంటాదమ్మా!"

తొమ్మిది రోజుల్లో ఆ మాట అడిగినవాళ్లు ఆమె ఒక్కరే. రిపోర్టు కోసం ఆగకుండా డాక్సీసైక్లిన్ మొదలుపెట్టింది, 100 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు. ఖరీదైన మందేం కాదు. ఈ క్రిమి దెబ్బ రక్తనాళాల లోపలి పొర మీద పడుతుంది. అందుకే ముదిరితే ఊపిరితిత్తులు, కాలేయం, కిడ్నీలు, మెదడు, ఏదైనా దెబ్బతినొచ్చు. చాలామందికి రెండు వారాల్లో తనంతట తనే తగ్గిపోతుంది. ఏదో విషజ్వరం వచ్చి పోయిందని మరిచిపోతారు. ముసలివాళ్లకే ఎక్కువ గండం.

బస్తా ఉన్నచోట ఎలుక, ఎలుక ఉన్నచోట ఈ జ్వరం. 1920ల్లో ఆస్ట్రేలియాలోని అడిలైడ్‌లో ఫ్రాంక్ హోన్ అనే డాక్టరు దీన్ని పసిగట్టింది గోధుమ బస్తాలు మోసే కూలీల్లోనే. 2018లో లాస్ ఏంజెలెస్ నడిబొడ్డునా రేగింది. పల్లెటూరి జబ్బని తీసిపారెయ్యలేం.

మూడో రోజు తెల్లారేసరికి అవ్వకు చెమటపట్టి జ్వరం దిగింది. గుంటూరు నుంచి కొడుకు ఫోను: "రేపే వచ్చి ఎలుకల మందు పెడతా." తొందరపడొద్దని డాక్టరమ్మ చెప్పింది. ఎలుక చస్తే దాని మీది పురుగులు ఆకలితో మనుషుల మీదికే దూకుతాయి. ముందు కలుగుల్లో పురుగులమందు పొడి చల్లించాలి, ఎలుకల సంగతి ఆ తర్వాత. అంతవరకు పక్కలు కుప్పకు దూరంగా వెయ్యాలి.

మీ ఇంట్లోనూ పత్తి పోసి ఉండి, జ్వరం వారం దాటితే, డాక్టరు అడగకపోయినా ఎలుకల మాట మీరే ఎత్తండి.