ప్లేగు నేర్పిన పాఠము

బెంగుళూరు పాతపేటకు పడమటి అంచున ఉన్నది మన కాటన్‌పేట. కన్నడమున దీనిని అరళెపేట యందురు. అరళె యనగా ప్రత్తి. ఇచ్చట తరతరములుగా కాపురమున్న తెలుగువారి యిండ్లలో ముసలివారు ‘ఎలుక పడినది’ అను మాటను భయముతో పలికెడివారు. ఆ భయమునకు మూలమైన చరిత్రను నేటి పిల్లలకు తెలుపుట మంచిదని తలంచితిమి.

1894లో హాంకాంగున చెలరేగిన ప్లేగు 1896లో బొంబాయికి వచ్చెను. అచ్చటినుండి రైలుమార్గముల వెంట వ్యాపించి, 1898 ఆగస్టులో బెంగుళూరు చేరెను. పేటలో ఇరుకు సందులు, గాలి సోకని గదులు, ధాన్యపు కొట్లు. ఎలుకల కింతకన్న కావలసిన దేమి? మొదట ఎలుకలు రాలెడివి. పిమ్మట మనుష్యులకు తీవ్రజ్వరము వచ్చి గజ్జలలోను చంకలలోను బిళ్ల కట్టెడిది. ఎలుకల మీది మిన్నల్లులే వ్యాధిని చేరవేయునని సిమండ్ అను ఫ్రెంచి వైద్యుడు ఆ సంవత్సరముననే చెప్పెను గాని, వెంటనే నమ్మినవారు కొద్దిమంది.

ప్రభుత్వమువారు ఇండ్లు సోదా చేయించిరి. రోగులను వేరుచేసి ఊరి వెలుపలి పాకలకు పంపిరి. పోయినవారు తిరిగిరారని జనులకు భయము. అందుచే రోగిని లోపలిగదిలో దాచిరి. దాచినకొలది ఇంటిలోని తక్కినవారికిని ముప్పు పెరిగెను. వారిని నిందింపరాదు. హాఫ్‌కిన్ 1897లో బొంబాయిలో సిద్ధపరచిన టీకా రాబోవు రోగమును కొంత అడ్డగించునే గాని, వచ్చిన రోగమును మాన్పలేదు. నయము చేయు మందు నాడు లేనేలేదు.

ఆ విపత్తు నగరపు రూపునే మార్చెను. బసవనగుడి, మల్లేశ్వరము గాలి వెలుతురు గల విశాలమైన వీధులతో వెలసినవి. 1897లో పునాది పడిన విక్టోరియా ఆసుపత్రిని 1900 డిసెంబరు 8న కర్జన్ ప్రభువు ప్రారంభించెను. నేటికిని మన పేటకు అది సమీపముననే ఉన్నది.

మందు రావడానికి అర్ధశతాబ్ది పట్టెను. అందు మన తెలుగువాని చేయి కలదని గర్వముతో చెప్పవచ్చును. భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో లెడర్లీ పరిశోధనాలయమునకు నాయకులై యుండగా, 1948లో ఆరియోమైసిన్ వెలువడెను. టెట్రాసైక్లిన్ జాతి మందులలో అదియే మొదటిది. 1994లో సూరతులో ప్లేగు తలయెత్తినపుడు ఆ జాతి మందులే విరివిగా పంచిరి.

క్షయ విషయమును ఇట్టిదే. రోగిని శానటోరియమునకు పంపనక్కరలేదు, ఇంటనుంచి మందిచ్చినను అంతే గుణము కలుగునని మదరాసులో 1956లో ఆరంభమైన పరిశోధన నిరూపించెను. జాతీయ క్షయరోగ సంస్థ 1959లో మన బెంగుళూరులోనే స్థాపితమైనది. సాధారణమైన క్షయ ఆరుమాసములు విడువక మందు పుచ్చుకొనిన నయమగును. నడుమ మానిన మొండిపడును.

ఐనను దాపరికము పోలేదు. మా గుమాస్తాగిరి కాలమున, చక్కెరవ్యాధి ఉన్నదని తెలిసిన ఉద్యోగమునకు ముప్పని దాచి, మందు మానిన తోటివారిని చూచితిమి. ఒకరికి కాలి పుండు మానక పాదమునే తీసివేయవలసి వచ్చెను. రక్తపుపోటు మరింత మాయదారిది. 140కి 90 దాటియున్నను నొప్పి యుండదు, నలత యుండదు. ఒకనాడు పక్షవాతమై పైబడును. ఈ రెండింటిని కొలుచుటకు కొన్ని నిమిషములు చాలును. మందులు ప్రభుత్వాసుపత్రులలోను దొరకును. కొంచెము తగ్గినదని వైద్యుని అడుగక మాత్రలు మానుట మాత్రము తగదు.

వైద్యునియొద్ద, వకీలునొద్ద దాపరికము కూడదని పెద్దల మాట. ఉగాదినాడు మనవారందరు కూడినపుడు, పంచాంగశ్రవణము ముగియగానే పెద్దలకు రక్తపుపోటును, చక్కెరను పరీక్ష చేయించు ఏర్పాటును సంఘమువారు చేసిన ఎంతయు మేలు. నాటివారు మందులేక దాచిరి. మందు చేతికందియున్న మనము దాచుటకు కారణమేమి?