పదిమందీ పాడితే మాట వినబడుతుందా?

చిన్నప్పుడు బడిలో ప్రార్థన మొదలయ్యే వేళకి మా పాటల పంతులమ్మగారు నన్ను వెనకవరసలోకి పంపి, "నువ్వు పెదాలు కదిపితే చాలమ్మా, పాడకు" అనేవారు. నా గొంతు దళసరి. ఇంట్లోవాళ్ళు మగగొంతనేవారు. మీలో ఎంతమందికి దక్కిందో ఈ గౌరవం!

అందుకే ఎం.బి. శ్రీనివాసన్‌గారి కథంటే నాకు ప్రత్యేకమైన ఇష్టం. 1925లో మన చిత్తూరులో పుట్టిన తమిళులు. కమ్యూనిస్టు రాజకీయాల్లో తిరిగారు. జలియన్‌వాలాబాగ్ నాటి పంజాబు నాయకుడు సైఫుద్దీన్ కిచ్లూ కూతురు జహీదాని పెళ్ళాడారు. బతుకుతెరువు సినిమా సంగీతం, అదీ ఎక్కువగా మలయాళంలో. ఏసుదాసు తొలిపాటకి వరస కట్టింది ఈయనే. 1961 నవంబరు 14న, మద్రాసులో మన భానుమతిగారి భరణీ స్టూడియోలో రికార్డయింది. అదీ సినిమా కోసం రాసిన పాట కాదు. కులమత ద్వేషాలు లేని చోటుని గురించి నారాయణగురు చెప్పిన పద్యం.

కుర్రకారుని పోగుచేసి బృందంగా పాడించడం అప్పటికే కలకత్తాలో ఉంది. 1958లో రూమా గుహ ఠాకుర్తా కలకత్తా యూత్ క్వయిర్ పెట్టారు. కిశోర్‌కుమార్ మొదటి భార్య అంటేగాని మనవాళ్ళు ఆవిణ్ణి గుర్తుపట్టరు, అదో అన్యాయం. 1970 దశకం మొదట్లో శ్రీనివాసన్‌గారు మద్రాస్ యూత్ క్వయిర్ ప్రారంభించి, సుబ్రహ్మణ్య భారతి కవితల్ని ఆ పిల్లలచేత పాడించారు.

భారతితో ఒక చిక్కుంది. ఆయన తన పాటలు చాలావాటికి రాగం, తాళం తానే రాసిపెట్టుకున్నారు. పైగా గాయకులు అర్థం తెలియని తెలుగు, సంస్కృత కీర్తనల్నే తిప్పితిప్పి పాడుతున్నారని ఒక వ్యాసంలో చెడామడా దులిపేశారు. (మన త్యాగయ్యగారి మీద కోపం కాదు లెండి. తెలుగు అందమైన భాషని పాటలో మెచ్చుకున్నవారే!) మాట చెవిన పడాలని అంత పట్టుబట్టిన మనిషి కవితని నలభైమంది నాలుగు రకాలుగా పాడితే ఏమవుతుంది?

మామూలుగా మనం కలిసి పాడేదంతా ఒకే వరస. భజనలో ఒకరు అంటారు, మిగతావారు అందుకుంటారు. క్వయిర్‌లో అలా కాదు. ఒక జట్టు షడ్జమం మీద నిలబడితే, అదే క్షణంలో ఇంకో జట్టు గాంధారం, మరో జట్టు పంచమం పాడవచ్చు. ఇందులో ఆడవాళ్ళకో సుఖముంది. మనకి సాధారణంగా అయిదు శ్రుతి, మగవాళ్ళకి ఒకటి శ్రుతి. అందరిచేతా ఒకే వరస పాడించారా, ఎవరో ఒకరి గొంతు నలగాల్సిందే. వరసలు వేరు చేస్తే ఎవరి గొంతుకి తగింది వాళ్ళకి దొరుకుతుంది. ఆడపిల్లల్లో దళసరి గొంతులకి కూడా అక్కడ విడిగా ఒక వరస ఉంటుంది. దాన్ని ఆల్టో అంటారు. ఆ సంగతి మా పంతులమ్మగారికి ఎవరూ చెప్పలేదు!

ఇక మాట సంగతి. తలోమాటా తలోసారి అంటే సంతగోలే. అందుకని వరసలు వేరైనా అక్షరం మాత్రం అందరి నోటా ఒక్కసారే పడేలా చూస్తారు. లేదంటే ఒక జట్టు మాట చెబుతుంటే తక్కినవాళ్ళు వెనక 'ఆ'కారం తీస్తారు. గమకం పోతుందని సంగీతం తెలిసినవాళ్ళు గొణిగితే నేను కాదనను. గమకమంటేనే స్వరం ఊగడం కదా, రెండు జట్ల స్వరాలు పొసగాలంటే రెండూ కదలకుండా నిలవాలి. ఆ నష్టం నిజమే. కాని ఊపు తగ్గిన కొద్దీ అక్షరం తేటపడుతుంది. భారతి దీన్ని విని ఉంటే అంతగా కోప్పడేవారు కాదనుకుంటాను.

1988 మార్చిలో లక్షద్వీప్‌లో శ్రీనివాసన్‌గారు కన్నుమూశారు. మద్రాసు బృందం ఆ తర్వాతా పాడింది. తిరువనంతపురంలో ఆయన పేరుతోనే ఎం.బి.ఎస్. యూత్ క్వయిర్ వెలిసింది. మన గురజాడవారి దేశభక్తి గీతం 1910 నాటిది. దాన్ని నేను విన్న ప్రతి బడిలోనూ అందరూ ఒకే వరసలో పాడారు. ఎవరైనా దానికి కింది వరస కడతానంటే, నేను వెనకనించి ముందుకి రావడానికి సిద్ధం.