ప్రతివిషము, టీకా: పరస్పర ప్రభావము

దేహము తాను సంపాదించుకొను రక్షణకును, పరదేహమునుండి ఎరువు తెచ్చుకొను రక్షణకును గల సంబంధము కంఠసర్పి, ధనుర్వాతముల చికిత్సయందే మొదట విచారణకు వచ్చెను. 1890 డిసెంబరులో బెర్లిను నగరమునందు శాస్త్రజ్ఞులు బేరింగ్, కిటసాటోలు, ఈ వ్యాధుల సూక్ష్మజీవులు విడుచు విషమునకు అలవాటుపడిన జంతువుల రక్తరసమునందు ఆ విషమును హరించు ప్రతిరక్షకములు పుట్టుననియు, ఆ రసమును ఎక్కించిన వేఱొక జంతువునకును రక్షణ కలుగుననియు ప్రకటించిరి. గుఱ్ఱముల రక్తమునుండి తీసిన యీ ప్రతివిషము, గొంతున బూడిదవన్నె పొర క్రమ్మి ఊపిరాడక కొట్టుకొను పసిబిడ్డల నెందఱనో బ్రదికించినది. అయినను ఎరువుసొమ్ము ఎంతకాలము నిలుచును? కొన్ని వారములలో నది క్షీణించును గనుక టీకా కావలసివచ్చెను.

కంఠసర్పి విషమును ఉన్నదున్నట్లు ఎక్కించిన ప్రాణాపాయము. ప్రతివిషముతో కలిపి ఎక్కించిన అపాయము తగ్గును గాని ఫలము దక్కునా యని సందేహము. అమెరికా శాస్త్రజ్ఞుడు థియొబాల్డ్ స్మిత్, గినీపందులయందు సమతూకపు మిశ్రమము దీర్ఘకాల రక్షణ నిచ్చుటయు, ప్రతివిషము పాలు మితిమీరినకొలది ఆ శక్తి సన్నగిల్లుటయు కనుగొని 1909లో వెల్లడించెను. విషయసారమంతయు ఇందే యున్నది: ప్రతిరక్షకము విషమును పూర్తిగ కప్పివేసినచో దేహమునకు శత్రుపరిచయమే కలుగదు, పరిచయము లేక స్వయంరక్షణ పుట్టదు. 1913లో బేరింగ్ ఇట్టి మిశ్రమమును మనుష్యులకు ప్రయోగించెను. న్యూయార్కులో పార్కు అను వైద్యుడు దానిని బాలబాలికలయందు విరివిగా వ్యాపింపజేసెను. కాని ఆ తూకము నిలుకడలేనిది. 1924లో మసాచుసెట్సునందు చలికి గడ్డకట్టిన మిశ్రమము మరల విషలక్షణము పొంది, సూది వేయించుకొన్న పిల్లలను తీవ్ర అస్వస్థతకు లోనుచేసెను. పారిసునందు రామోన్ అను శాస్త్రజ్ఞుడు అంతకుముందే, 1923లో, ఫార్మలిను కలిపి వెచ్చదనమున నుంచి విషపు కోఱలు తీసి, దాని రూపము మాత్రము మిగిల్చిన టాక్సాయిడ్‌ను సిద్ధపఱచియుండుటచే టీకాకు ప్రతివిషపు తోడు అక్కఱలేకపోయెను.

అయినను రెండింటిని ఒక్కపూటనే ఈయవలసిన సందర్భము ధనుర్వాతమున మిగిలియున్నది. ఎన్నడును టీకా వేయించుకొనని రైతు కాలిలో మట్టిపట్టిన మేకు లోతుగా దిగినప్పుడు, టీకా ఫలించువఱకు వేచియుండుటకు వ్యవధి లేదు. అందుచే మానవరక్తమునుండి తీసిన ప్రతిరక్షకములు సాధారణముగ 250 యూనిట్లు ఒక చోటను, పటికజాతి లవణమునకు అంటించిన టాక్సాయిడ్ వేఱొక చోటను, వేర్వేరు సిరంజీలతో ఎక్కింతురు. అట్లు దూరముగ నుంచినచో ఒకటి వేఱొకదానిని చెఱుపదు. లవణము టాక్సాయిడ్‌ను సూది పొడిచిన తావుననే కొంతకాలము పట్టియుంచి ప్రేరణను బలపఱచును.

ప్రకృతియందును ఈ సాంగత్యమే కలదు. గర్భిణికి వేసిన టీకావలన పుట్టిన ప్రతిరక్షకములు మావి దాటి, అశుభ్రమైన కత్తితో బొడ్డుకోసినను శిశువును ధనుర్వాతమునుండి కాపాడును. కాని అవియే తొలి మోతాదులకు శిశుదేహము చూపు ప్రతిస్పందనను కొంత మందగింపజేయగలవు. మన దేశమున 6, 10, 14 వారముల టీకాల పిమ్మట 16 నెలలు దాటిన బిడ్డకు మరల బూస్టరు వేయుదురు. అప్పటికి తల్లి ఇచ్చిన ప్రతిరక్షకములు దాదాపు అంతరించియుండును.