మునేటి ఒడ్డున మొక్కు, మందు

కంచికచర్ల పక్కనున్న చెవిటికల్లు మొదలు నందిగామ, జగ్గయ్యపేట దాకా పరుచుకున్న ఈ మెట్ట ఊళ్లలో ఒకరికి మతి చలిస్తే ఇంటివాళ్లు ముందు గుడివైపే చూసేవారు. దాన్ని ఒట్టి మూఢనమ్మకమని తోసెయ్యడం తేలిక. కానీ అప్పుడు వాళ్ల ముందున్న రెండో దారి ఏమిటో కూడా చూడాలి. మద్రాసు ప్రెసిడెన్సీ కాలంలో ఉత్తరాది తెలుగు జిల్లాలకు పిచ్చాసుపత్రి అంటే విశాఖపట్నమే. 1912 లూనసీ చట్టం ప్రకారం రోగిని అక్కడ చేర్పించడానికి సాధారణంగా మేజిస్ట్రేటు ఉత్తర్వు కావాలి. అంటే జబ్బు మనిషి కోర్టు గుమ్మం ఎక్కాలి, ఆ తర్వాత అయినవాళ్లకు దూరంగా గోడల మధ్య ఉండాలి. గుడికి ఉత్తర్వు అక్కర్లేదు. గ్రహబాధకు నరసింహ క్షేత్రాలకు పోవడం తెలుగునాట పాత అలవాటు. కృష్ణ ఒడ్డున వేదాద్రి ఉంది, ఎగువన మట్టపల్లి ఉంది. అంతకన్నా దూరం వెళ్లగలిగినవాళ్లకు నెల్లూరు జిల్లాలో ఏ.ఎస్. పేట దర్గా ఉంది, అక్కడ హిందువులూ నిద్ర చేస్తారు. ఎక్కడికి వెళ్లినా తల్లో, అన్నో వెంట ఉండేవారు. వచ్చినవాళ్లంతా ఏదో ఒక బాధతో వచ్చినవాళ్లే కాబట్టి ఈ మనిషిని వింతగా చూసేవాళ్లూ తక్కువ.

ఈ ప్రాంతపు అసలు బలం మాత్రం మునేటి ఒడ్డున పెనుగంచిప్రోలు తిరుపతమ్మ కథలో ఉందని నా వాదన. ఆమె జబ్బుపడ్డ కోడలు. భర్త గోపయ్య పశువుల వెంట అడవికి పోయి ఉండగా ఆమెకు కుష్టు సోకిందని, అత్తింటివారు పశువుల కొట్టంలోకి నెట్టారని, పాపమాంబ అనే ఆమె దగ్గరుండి సేవ చేసిందని కథ. వెలివేసిన అత్తింటివారిని కాదని, వెలిపడ్డ కోడలిని, ఆమెకు సేవ చేసిన మనిషిని కొలుస్తున్న ఊళ్లివి. రోగిని కొట్టంలో కట్టెయ్యడం తప్పని ఇక్కడ చెప్పడానికి బయటి నుంచి పాఠం తేనక్కర్లేదు. కథలో ఆ పాఠం ఎప్పటి నుంచో ఉంది. తిరునాళ్లకు ప్రభలు కట్టుకొచ్చే భక్తుల్లో ఎందరు దాన్ని అలా వింటున్నారన్నది వేరే సంగతి.

ఆలయవాసంతో నిజంగా గుణం కనిపిస్తుందా? తమిళనాడులోని ముత్తుస్వామి గుడిలో ఉంటున్న 31 మంది రోగులను నిమ్హాన్స్ వైద్యులు పరిశీలించి, 2002లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఫలితాలు ప్రచురించారు. సగటున ఆరు వారాల బసలో లక్షణాల కొలత సుమారు 20 శాతం తగ్గింది. ఆదరించే, భయపెట్టని వాతావరణమే ఇందుకు కారణం కావచ్చన్నది వారి అభిప్రాయం. పోల్చి చూడటానికి గుడి బయట మరో రోగుల బృందం లేదు కాబట్టి దీన్ని రుజువనలేం; కొందరికి జబ్బు దానంతటదే నెమ్మదించి ఉండొచ్చు. అయినా కొట్టిపారేయలేని సూచన ఇది.

మరి తమిళనాడులోని ఏర్వాడి మాటేమిటని అడుగుతారు. అడగాల్సిందే. 2001 ఆగస్టు 6న ఆ దర్గా ఊరిలో ఓ ప్రైవేటు వసతి పాకకు నిప్పంటుకుంటే, గొలుసులతో కట్టేసి ఉన్న 28 మంది చనిపోయారు. అక్కడ వెంట ఉండాల్సిన బంధువు స్థానంలో డబ్బు తీసుకునే నిర్వాహకుడు చేరాడు, అతని వెంట గొలుసు వచ్చింది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఏ రూపంలోనూ గొలుసు వాడకూడదంది. ఇంకో అభ్యంతరం దీనికన్నా గట్టిది: గుళ్ల చుట్టూ తిరిగేలోపు జబ్బు ముదురుతుంది. నిజమే, స్కిజోఫ్రీనియా లాంటి వాటికి మందు ఆలస్యమయ్యేకొద్దీ కోలుకోవడం కష్టమవుతుంది. అలాగని గుడికి వెళ్లొద్దంటే జనం మానరు, డాక్టరుకు చెప్పడం మానేస్తారు. గుజరాత్‌లోని ఉనావాలో మీరా దాతార్ దర్గా దగ్గర 2008లో మొదలైన ‘దవా-దువా’ పద్ధతి అందుకే నాకు నచ్చుతుంది: ముజావర్లే రోగిని గుర్తించి పక్కనే ఉన్న వైద్యుడి దగ్గరకు పంపుతారు. పెనుగంచిప్రోలు గుడి దేవాదాయ శాఖ కింద ఉంది. ఒక గది, వారానికోసారి జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం డాక్టరు, గోడ మీద మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ నంబరు 14416, మొక్కు తీరాక అర్చకుడి నోటి వెంట ఒక్క మాట చాలు. అత్యంత కష్టమైనది ఆ చివరిదే. డాక్టరు చెబితే వినని ఇల్లు అర్చకుడు చెబితే వింటుంది కాబట్టి, శిక్షణ ముందు ఇవ్వాల్సింది ఆయనకే.