4.3 తెలుగు కౌబాయ్ చిత్రం – నెల్లూరు సీమ సహాయ నటులు

సినిమా చరిత్రను కథానాయకుల చరిత్రగా రాయడం మనకు అలవాటు. కాని కథాలోకాన్ని ప్రేక్షకుడు నమ్మేలా చేసేది చాలాసార్లు చిన్న పాత్రలే. అమెరికాలో 1955 నుంచి 1975 వరకు ప్రసారమైన టెలివిజన్ ధారావాహిక 'గన్‌స్మోక్' ఇందుకు ఉదాహరణ. మార్షల్ పాత్ర ఎంత ముఖ్యమో, మిల్‌బర్న్ స్టోన్ పోషించిన ఊరి డాక్టర్ పాత్ర కూడా ఆ కథకు అంత ముఖ్యం. తెలుగులో పరిస్థితి ఏమిటో ఇప్పుడు పరిశీలిద్దాం.

మోసగాళ్ళకు మోసగాడు (1971)

కృష్ణ కథానాయకుడిగా వచ్చిన ఈ చిత్రానికి రచయిత ఆరుద్ర. దర్శకుడు కె.ఎస్.ఆర్. దాస్ నాటి నెల్లూరు జిల్లా వెంకటగిరికి చెందినవారు. టోపీ, గుర్రం, తుపాకీ ఇటాలియన్ వెస్టర్న్ చిత్రాల నుంచి వచ్చాయి. కాని నాగభూషణం ధరించిన 'నక్కజిత్తుల నాగన్న' పాత్ర మాటతీరు మాత్రం మన నాటకరంగానిది. 'రక్తకన్నీరు' నాటకాన్ని ఊరూరా ప్రదర్శించిన నటుడాయన. వ్యంగ్యంగా సాగదీసి పలికే ఆ పలుకే పరాయి కథను తెలుగు కథగా మార్చింది.

ఉద్యోగం నుంచి వెండితెరకు

ఇటువంటి నటులు ఎక్కడి నుంచి వచ్చారు? జగదేవిపేటలో జన్మించిన రమణారెడ్డి శానిటరీ ఇన్‌స్పెక్టర్‌గా పనిచేశారు. కావలికి చెందిన రాజనాల రెవెన్యూ శాఖ ఉద్యోగి. ఇద్దరికీ నాటకానుభవం ఉంది. నాటి చిత్ర పరిశ్రమ కేంద్రమైన మద్రాసు నెల్లూరుకు రైలు మార్గంలో దగ్గర కావడం కూడా కలిసివచ్చింది. 'మాయాబజార్' (1957)లో చిన్నమయ్యగా రమణారెడ్డి నవ్వించారు. జానపద చిత్రాలలో రాజనాల ప్రతినాయకుడిగా స్థిరపడ్డారు. కత్తియుద్ధంలో ఎదుటివాడు బలవంతుడైతేనే కదా నాయకుడి గెలుపుకు విలువ!

అయినా ఆ విలువకు తగిన భద్రత వారందరికీ దక్కలేదు. 1998లో మరణించిన రాజనాల చివరి సంవత్సరాలు అనారోగ్యంతో, ఆర్థిక ఇబ్బందులతో గడిచాయి. కనుక సహాయ నటుల చరిత్ర కళాచరిత్ర మాత్రమే కాదు, శ్రమ చరిత్ర కూడా.

ఆధారాలు

పోస్టర్ ప్రధాన తారలనే చూపుతుంది. పాటల పుస్తకం, తెరపై పేర్ల జాబితా మిగిలినవారిని కూడా నమోదు చేస్తాయి. ప్రేక్షకుల జ్ఞాపకాలు మూడవ ఆధారం. వీటిని ఒకదానితో ఒకటి సరిచూసుకున్న తరువాతనే నిర్ధారణకు రావాలి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. విదేశీ కథను తెలుగు కథగా మార్చడంలో సహాయ నటుల పాత్రను వివరించండి.
2. తోటపల్లి గూడూరులో గాని, మీ ఊరిలో గాని 1970ల నాటి సినిమాలు చూసిన ఇద్దరు పెద్దలను కలవండి. వారికి గుర్తున్న సహాయ నటుల పేర్లు, పాత్రలు రాసుకొని, పాటల పుస్తకాలతో పోల్చండి.