పేరు చెరిగిన సైకిలుకు శజరా

సైకిలు మీద దో సవారీ మనకు కొత్త కాదు. ఒకరు తొక్కుతారు, ఇంకొకరు వెనక క్యారియర్ మీదనో ముందు రాడ్డు మీదనో కూచుంటారు. టాండెం లెక్క వేరు. దానికి రెండు సీట్లు, రెండు జతల పెడళ్లు. మెహనత్‌లో ఇద్దరికీ బరాబర్ వాటా. ముందు కూచునేవాణ్ని కెప్టెన్ అంటారు. వెనకవాడు స్టోకర్, అంటే ఇంజన్‌లో బొగ్గు వేసేవాడు!

ఆ సైకిలునే కొండదారికి పనికొచ్చేలా లావు టైర్లతో చేస్తే మౌంటెన్ టాండెం. 1980లలో అమెరికాలో చిన్న చిన్న కార్ఖానాల్లో ఇవి కొన్ని తయారయ్యాయి. అలాంటి పాత ఫ్రేము ఒకటి ఇవ్వాళ చేతికొస్తే స్టిక్కర్లు రాలిపోయి ఉంటాయి, రంగు మీద రంగు పడి ఉంటుంది. దాన్ని చేసిన ఉస్తాద్ ఎవరు? పెద్ద పేరు తగిలిస్తే ఖీమత్ పెరుగుతుంది కాబట్టి దావాలకు కొదవ ఉండదు. తప్పు పేరు తగిలిస్తే మాత్రం ఒక కారీగర్ హునర్ ఇంకొకడి ఖాతాలో పడిపోతుంది. అందుకే దీన్ని షౌఖీన్ల కాలక్షేపం అని కొట్టిపారేయలేం. ఇది ఇన్సాఫ్ సంగతి కూడా.

ముందు కొంచెం తారీఖ్ చూద్దాం. కాలిఫోర్నియాలోని మారిన్ కౌంటీలో కొందరు నౌజవానులు పాత ష్విన్ సైకిళ్లను కొండ మీదికి ఎక్కించి కిందికి ఉరికించేవాళ్లు. 1976లో ఫేర్‌ఫాక్స్ దగ్గర రీప్యాక్ పందేలు మొదలయ్యాయి. ఒక్కసారి దిగేసరికి వెనక హబ్ బ్రేకులోని గ్రీజు కాలి పొగైపోయేది. మళ్లీ గ్రీజు నింపాలి, అంటే రీప్యాక్ చెయ్యాలి. పందేనికి ఆ పేరే ఖాయమైంది. వాళ్లలో ఒకడైన జో బ్రీజ్ 1977లో కొండ కోసమే కొత్త ఫ్రేము కట్టాడు. 1978 నాటికి అలాంటివి 10 తయారయ్యాయి. వాటి పేరు బ్రీజర్.

ఈ కథలో టాండెం కూడా ఉంది. జో బ్రీజ్, అతని దోస్త్ ఓటిస్ గై కలిసి టాండెం మీద అమెరికాను ఈ సముద్రం నుంచి ఆ సముద్రం దాకా దాటి రికార్డు కొట్టాలనుకున్నారు. ఆ సిల్సిలాలోనే 1979 మొదట్లో టామ్ రిచీని కలిశారు. అక్కడ రిచీ కళ్లు బ్రీజర్ మీద పడ్డాయి. అదే ఏడాది రిచీ ఫ్రేములు కట్టడం, గ్యారీ ఫిషర్, చార్లీ కెల్లీ వాటిని అమ్మడం మొదలైంది. వాళ్ల కంపెనీ పేరే మౌంటెన్‌బైక్స్. ఇక్కడే ఒక సవాల్ వస్తుంది: అమ్మినవాడి పేరా, అతుకు పెట్టినవాడి పేరా, ఏది అసలు పేరు? దీన్ని మనసులో ఉంచుకుని ఫ్రేము దగ్గరికి పోదాం.

మొదట బోర్లా తిప్పాలి. పెడళ్ల ఇరుసు దూరే అడ్డ గొట్టాన్ని బాటం బ్రాకెట్ షెల్ అంటారు. మామూలు సైకిలుకు ఒకటి, టాండెంకు రెండు. నంబరు సాధారణంగా వీటి అడుగున కొడతారు కాబట్టి రెంటినీ చూడాలి. రంగు మందంగా ఉంటే మెల్లగా గీకాలి. ఆవేశంతో ఆకురాయి పెడితే నిషానీయే అరిగిపోతుంది.

రెండోది అతుకుల తీరు. గొట్టాల మూలల్లో తొడుగులు ఉన్నాయా, ఇత్తడి పోసి నున్నగా రుద్దారా, వెల్డింగ్ పొలుసులు బయటికి కనబడుతున్నాయా? నున్నటి ఇత్తడి అతుక్కి రిచీ పేరు మోసినవాడే. లేకిన్ ఆ హునర్ అతనొక్కడి జాగీరు కాదు. కాబట్టి దాని మీద ఒక్కటే ఫైసలా ఇవ్వకూడదు.

మూడోది ముందు షెల్. రెండు జతల పెడళ్లను కలిపే చైను వదులైతే బిగించడానికి లోపల ఎక్సెంట్రిక్ ఉంటుంది, అంటే ఇరుసు కేంద్రం తప్పించిన దిమ్మ. దాన్ని ఒకరు చిన్న స్క్రూలతో, ఒకరు షెల్‌నే చీల్చి బోల్టులతో, ఇంకొకరు లోపలి చీలతో బిగిస్తారు. కార్ఖానా ఆదత్ ఇక్కడ బయటపడుతుంది.

నాలుగోది కొలత. వెనక చక్రం కూచునే చోట రెండు కొసల మధ్య దూరం తీసుకోవాలి. 160 మిల్లీమీటర్లు వస్తే ముందు సాంటానా గుర్తుకు రావాలి, ఆ వెడల్పు వాళ్ల ఖాస్ నిషానీ. 140 వస్తే సాంటానా కాదని తేల్చెయ్యకూడదు. ఆ కంపెనీ 1976 నాటిది, 160 తర్వాత వచ్చింది.

ఐదోది బ్రేకుల గవాహీ. ఇద్దరి బరువుతో కొండ దిగితే రిమ్ము కాలిపోతుంది. అందుకని చాలామంది వెనక హబ్ ఎడమ పక్కన అరాయ్ డ్రమ్ము బిగించేవాళ్లు. దాని చెయ్యి ఆనడానికి ఎడమ గొట్టం మీద అతికించిన ముక్క ఉంటే ఆ ఇరాదా మొదటి నుంచీ ఉన్నట్టే. యూ-బ్రేకు మొలకలు వెనక చక్రానికి ముందు, కింది గొట్టాల మీద ఉంటే 1980ల రెండో సగం అనుకోవచ్చు. ఆ ఫ్యాషన్ ఎక్కువ కాలం నిలవలేదు, బురద తిని బ్రేకులు మొరాయించేవి.

ధోకా ఎక్కడ ఉంటుందో కూడా చెప్పుకోవాలి. మొదటి బ్రీజర్లకు తల దగ్గర నుంచి వెనక చక్రం దాకా సన్నటి జంట గొట్టాలుండేవి. అలాంటివి కనబడగానే ‘బ్రీజర్!’ అని ఎగరకూడదు. పొడవాటి టాండెం మెలి తిరగకుండా ఎంతోమంది కారీగర్లు అదనపు గొట్టాలు వేశారు. వెనక చక్రం కూచునే కొసలదీ అదే కథ. ఒకరి పేరుతో పోతపోసినవి పదిమంది కొనుక్కుంటారు. ఆ పేరు ముక్కది, ఫ్రేముది కాదు. చక్రాలు, గేర్లు, పెడళ్లు ఎప్పుడైనా మార్చగలిగేవి, వాటి సాక్షి కచ్చా సాక్షి.

అందుకే నేననేది, ఒక్క నిషానీతో నికరం చెయ్యొద్దు. నంబరు, అతుకు, ఎక్సెంట్రిక్, కొలతలు, బ్రేకు మొలకలు అన్నీ ఒకే ఇంటి వైపు చూపిస్తేనే పేరు రాయాలి. అవి ఒకదాన్నొకటి కాదంటుంటే ‘అమెరికా, 1980లు, ఉస్తాద్ నామాలూమ్’ అని రాసి ఆపెయ్యాలి. అందులో బేఇజ్జతీ ఏం లేదు. నామాలూమ్ అని రాసిన చోట రేపెవరో అసలు పేరు రాయగలరు. ఝూటా పేరు పెట్టిన చోట ఇక ఎవరూ వెతకరు.