చెరువు, కాలువ, కొలిమి

ఉక్కు అగ్నిలో పుట్టునని అందరును ఎరుగుదురు. ఆ అగ్నిని అదుపులో నుంచునది నీరని తలచువారు తక్కువ. ఇనుపరాయి కరగి ద్రవమగు ఊదుకొలిమి గోడలలో ఎడతెగక నీరు ప్రవహింపవలెను. ఆ ప్రవాహము నిలిచినచో కొలిమి తన వేడిమికి తానే ఆహుతి యగును. ఎఱ్ఱగా కాగిన కోకుబొగ్గును చల్లార్చుటకు నీరు, కొలిమివాయువులను కడుగుటకు నీరు, ఆవిరి పుట్టించుటకు నీరు, ఉక్కును పట్టాలుగా సాగదీయు యంత్రములకు నీరు కావలెను. కనుక ఉక్కు కర్మాగారమును నిర్మింపదలచిన వారు ఇనుము, బొగ్గు, సున్నపురాయి ఎచట దొరకునని అడిగిన వెంటనే, నీరెచట దొరకునని అడుగుదురు. భిలాయి విషయమున మొదటి మూడు ప్రశ్నల సమాధానములు ప్రసిద్ధములు. నాల్గవదాని సమాధానము కర్మాగారముకంటె చాల పాతది. అందులో చెరువుల కాలము, కాలువల కాలము, కొలిమి కాలము అను మూడు పొరలు కలవు.

భిలాయి ఛత్తీస్‌గఢ్ మైదానమున, పడమట శివనాథ నదికిని తూర్పున ఖారూన్ నదికిని నడుమనున్నది. దక్షిణపు కొండలవైపునుండి తాందులా, ఖర్ఖరా మొదలగు ఉపనదులు దిగివచ్చి శివనాథలో కలియును. శివనాథ ఈశాన్యముగా సాగి శివరీనారాయణమునకు సమీపమున మహానదిని చేరును. అటుపిమ్మట ఆ నీరు హీరాకుడ్ జలాశయము మీదుగా ఒడిశాను దాటి బంగాళాఖాతమున పడును. సంవత్సరపు వర్షములో అధికభాగము జూను సెప్టెంబరు మాసముల నడుమనే కురియును. మిగిలిన ఎనిమిది నెలలును నిలువచేసికొన్న నీటితో గడుపవలసినవే. ఇచటి రైతు నేలకు పెట్టిన పేర్లలోను నీటి నడకయే కానవచ్చును. మెట్టమీది ఎఱ్ఱని కంకరనేల భాటా. దానిపై నీరు నిలువదు. దానికి దిగువది మటాసీ, ఆ క్రిందిది డోర్సా, పల్లమునందలి నల్లని బంకనేల కన్హార్. వాననీరు మెట్టనుండి పల్లమునకు దిగు మార్గమున ఈ నాలుగు నేలలును మెట్లవలె అమరియున్నవి.

ఈ మెట్లపై పరుగెత్తు నీటిని ఆపుటకు ఛత్తీస్‌గఢ్ ప్రజలు తొలుత కనుగొన్న సాధనము చెరువు. దుర్గ్ జిల్లాలోని ధమ్ధా వంటి ప్రాచీన పట్టణములను గూర్చి ‘ఛై ఆగర్ ఛై కోరీ’ చెరువులను మాట నేటికిని వినవచ్చును. కోరీ యనగా ఇరువది; ఆరు ఇరువదులపై మరి ఆరు, అనగా నూట ఇరువదియాఱు చెరువులని అర్థము. స్నానపానములకు, పశువులకు, పొలములకు వేర్వేరు చెరువులుండుట మర్యాద. చెరువు నడుమ కొయ్యస్తంభమును నాటి దానికి పెండ్లి చేయు ఆచారము కూడ కలదు. పెండ్లియైన చెరువు ఊరికి బంధువగును. బంధువును మురికిచేయుట, పూడిపోనిచ్చుట ఊరివారికి అవమానము. తటాకమును సప్తసంతానములలో నొకటిగా నెన్నిన తెలుగువారికి ఈ భావము క్రొత్తది కాదు. కన్నబిడ్డవలె వంశము నిలుపునది యని తెలుగువారు భావించిరి. ఇంటికి వచ్చిన కోడలివలె ఊరిని నిలుపునది యని వీరు భావించిరి. నీరు ఎవరిదను ప్రశ్నకు ఆ కాలమున సమాధానము ఊరిలోనే దొరకెడిది.

1896-97లోను, 1899-1900లోను మధ్యరాష్ట్రములను ఘోరమైన కరవులు పీడించెను. వానలే రాకపోయినపుడు ఊరి చెరువొక్కటి కాపాడజాలదని స్పష్టమయ్యెను. 1901లో ఏర్పడిన నీటిపారుదల సంఘము కరవు ప్రాంతములలో పెద్ద జలాశయములను, కాలువలను నిర్మింపవలెనని సూచించెను. దాని ఫలముగా మహానది పరీవాహమున రుద్రీ ఆనకట్టయు, 1914కును 1923కును నడుమ మురుమ్‌సిల్లీ జలాశయమును వెలసెను. దుర్గ్ ప్రాంతమున తాందులా, సూఖా యేరుల సంగమముకడ పెద్ద కట్ట లేచి 1921 నాటికి పూర్తియయ్యెను. ఎనిమిది వందల చదరపు కిలోమీటర్లకు మించిన భూమిపై కురిసిన వాన ఆ జలాశయమును చేరును. అది నిండినపుడు సుమారు ముప్పది కోట్ల ఘనపు మీటర్ల నీరు నిలుచును. ధవళేశ్వరపు ఆనకట్ట 1852లో గోదావరి డెల్టాకు చేసినదానిని ఈ నిర్మాణములు వరిపొలముల ఛత్తీస్‌గఢ్‌నకు చేయునని పాలకులు ఆశించిరి.

కాలువ వచ్చినంతనే నీటికి క్రొత్త యజమాని వచ్చెను. వానలు చక్కగా కురిసిన యేట రైతునకు కాలువనీరు అక్కరలేదు. కాని కాలువకు పెట్టిన పెట్టుబడి ఏటేట తిరిగి రావలెనని ప్రభుత్వపు కోరిక. కనుక పదేండ్ల కాలమునకు నీటి ఒప్పందములు వ్రాసియిమ్మని అధికారులు గ్రామములను ఒత్తిడిచేసిరి. ధమ్తరీ సమీపమునందలి కండేల్ గ్రామస్థులు సమ్మతింపలేదు. ఆ పదేండ్ల రుసుముతో తమ ఊరిలోనే ఒక పెద్ద చెరువు త్రవ్వుకొనవచ్చునని వారి వాదము. 1920లో కాలువనీరు వారి పొలములలోనికి పారినది. గ్రామస్థులు నీటిని దొంగిలించిరని అధికారులు నేరముమోపి నాలుగువేల రూపాయలకు మించిన జరిమానా విధించిరి. జరిమానా చెల్లింపనందున పశువులను జప్తుచేసి సంతలకు తోలిరి. సంతలలో వేలము సాగెనుగాని పాడువాడొక్కడును ముందునకు రాలేదు.

ఈ సత్యాగ్రహమును నడిపిన వారిలో పండిత సుందరలాల్ శర్మ ప్రముఖుడు. ఆయన ఛత్తీస్‌గఢీ భాషలో ‘దానలీల’ అను కావ్యమును వ్రాసిన కవి. నారాయణరావు మేఘావాలే, ఛోటేలాల్ శ్రీవాస్తవ ఆయనకు తోడుగా నిలిచిరి. గాంధీజీని ఆహ్వానించుటకు ప్రయత్నములు సాగుచుండగనే ప్రభుత్వము వెనుకకు తగ్గి జరిమానాను విడిచిపెట్టెను. మరుసటి సంవత్సరము పెదనందిపాడు రైతులు పన్నుల నిరాకరణమునకు పూనుకొనుట తెలుగువారు గర్వముతో చెప్పుకొను విషయము. కండేల్ దానికి అగ్రజ. అయితే కండేల్ రైతు అడిగినది పన్ను తగ్గింపు మాత్రమే కాదు. తన పొలముపై కురిసిన వానకును, కాలువలో వచ్చిన నీటికిని తేడాను నిర్ణయించు అధికారము ఎవరిదని అతడు అడిగెను. ఆ ప్రశ్న జరిమానాతో పాటు రద్దు కాలేదు.

1955 ఫిబ్రవరి 2న భారత సోవియట్ ప్రభుత్వముల నడుమ ఉక్కు కర్మాగార నిర్మాణమునకు ఒప్పందము కుదిరెను. భిలాయిని ఎన్నుకొనుటకు కారణములు పెక్కు: దల్లీ రాజ్‌హరా ఇనుపగనులు, నందినీ సున్నపురాయి, కోర్బా బొగ్గు, హౌరా బొంబాయి రైలుమార్గము. వానితో సమానమైన కారణము తాందులా కాలువ. కరవును నివారించుటకై త్రవ్విన కాలువ ఈ విధముగా కొలిమికి ఆధారమయ్యెను. రైతునకు కొరత రాకుండ క్రొత్త నీటిని చేర్చవలెనను ఉద్దేశముతో 1957లో గోండ్లీ జలాశయమును నిర్మించిరి. నగరపుటంచున మరోదా జలాశయములు ఏర్పడెను. దూరమునుండి కాలువలో వచ్చిన నీరు అచట నిలిచి, అచటినుండి కర్మాగారమునకును ఇండ్లకును పోవును. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ మొదటి ఊదుకొలిమిని ప్రారంభించినపుడు, దాని గోడలను చల్లబరచిన నీరు వరిచేల పరిచయమున్న నీరే.

ఆ నిర్మాణకాలమున మన్నుమోయుటకు, పునాదులు త్రవ్వుటకు, గోడలు కట్టుటకు శ్రీకాకుళము, విశాఖపట్టణము జిల్లాలనుండి తెలుగువారు పెద్దసంఖ్యలో భిలాయికి వచ్చిరి. వారిలో పలువురు తిరిగిపోలేదు. వారి బిడ్డలు, మనుమలు నేడు ఆ నగరమువారు. చెరువుల దేశమునుండి వచ్చిన ఆ కూలీలకు నీరు పంచుట యనునది కంటికి కానవచ్చు పని. తెలుగుదేశమున తూమునెత్తి మడిమడికి నీరు వదలువానిని కొన్ని సీమలలో నీరుగంటి యనిరి, కొన్నిట నీరటి యనిరి. అతడెవరో ఊరంతకు తెలియును. అతడు పక్షపాతము చూపినచో రచ్చబండపై నిలదీయవచ్చును. భిలాయిలో వారికి లభించిన కొళాయి అంతకంటె సుఖమైనది. మండువేసవిలో బిందె పట్టుకొని నడువవలసిన బాధ తప్పినది. కాని ఆ కొళాయి వెనుకనున్న తూమును ఎత్తువాడెవడో, అతడు ఎవరి వంతును తగ్గించి తమ వంతు నింపెనో తెలిసికొను మార్గము కూడ దానితోనే మూతపడెను.

కర్మాగారము పెరిగినకొలది నీటి దారులును దీర్ఘమయ్యెను. సాలుకు పదిలక్షల టన్నులతో ప్రారంభమైన ఉక్కు 1967 నాటికి ఇరువదియైదు లక్షల టన్నులకును, 1988 నాటికి నలువది లక్షల టన్నులకును పెరిగెను. ఖర్ఖరా జలాశయము 1967లో పూర్తియయ్యెను. ఆ పిమ్మట మహానదిపై ధమ్తరీకి ఎగువన గంగ్రేల్ వద్ద భారీ ఆనకట్ట లేచి 1978-79లో పూర్తికాగా, దానికి రవిశంకర సాగరమని పేరిడిరి. దాని నీటిలో పాలు పొందు వారు పెక్కుమంది: వరిరైతు, రాయపూర్ పట్టణవాసి, భిలాయి కొలిమి. దాని క్రింద సుమారు యాబది గ్రామములు మునిగెను. వారి ఊళ్లతో పాటు వారి చెరువులును ఆ మహాజలాశయపు అడుగున చేరెను. ఒకనాడు కండేల్ రైతు తన ఊరి చెరువును చూపి కాలువను వలదనగలిగెను; ఇచటి రైతునకు చూపుటకు ఊరే మిగులలేదు.

నీటికి యజమాని మారుట ఇంతటితో ఆగలేదు. 1998లో దుర్గ్ సమీపమునందలి బోరయీ పారిశ్రామికవాడకు నీరందించుటకై, శివనాథ నదిలో ఇరువదిమూడు కిలోమీటర్లకు మించిన భాగమును ఇరువదిరెండు సంవత్సరములకు ఒక ప్రైవేటు సంస్థ నిర్వహణకు ఒప్పగించిరి. తరతరములుగా ఆ రేవులలో చేపలు పట్టువారికిని, ఒడ్డున కూరగాయలు పండించువారికిని అడ్డంకులు కలిగెను. దేశమంతట చర్చ చెలరేగెను. కండేల్ నాటి ప్రశ్నయే ఇచట క్రొత్త వేషమున తిరిగి వచ్చెను. అంతకుముందు కాలువలో పారు నీటికే పరిమితమైన వివాదము ఇపుడు నదినే చుట్టుకొనెను.

ఇందులో కొలిమిని దుష్టపాత్రగా చిత్రించుట సులభము, కాని న్యాయము కాదు. ఆ కొలిమియే దేశపు రైలుపట్టాలను పోసినది. లక్షలమందికి అన్నము పెట్టినది. దాని నీటి అవసరము విలాసము కాదు. 2014 జూన్ 12న కర్మాగారములోని ఒక పంపుహౌసులో నీటి ఒత్తిడి తగ్గగా, నీటిగొట్టముల దారిన విషవాయువు వెలువడి ఆరుగురు మరణించిరి. నీరు తగ్గిన క్షణమే మనుష్యుల ప్రాణములు పోవు స్థలమది. కనుకనే తగవు కఠినమగుచున్నది. 1987 నాటి జాతీయ జలవిధానమును, 2002 నాటి విధానమును తాగునీటికి ప్రథమస్థానము, సేద్యమునకు ద్వితీయస్థానము ఇచ్చి, పరిశ్రమలను వానికి వెనుక నిలిపెను. కాని వర్షాభావపు సంవత్సరమున కాగితముపై వరుస ఒకటి, అవసరపు వరుస మరొకటి. కొలిమి ఒక గంటయైనను వేచియుండలేదు. పైరు పది దినములు వేచియుండును. పిమ్మట చప్పుడు లేక ఎండిపోవును. వేచియుండగలవాని వంతే ఎల్లప్పుడును వెనుకబడును.

ఆరువందల యేండ్లకు పూర్వమే తెలుగుదేశమున ఈ ప్రమాదమును గుర్తించిరి. 1369లో బుక్కరాయల కుమారుడు భాస్కర భవదూరుడు పోరుమామిళ్లలో గొప్ప చెరువును కట్టించెను. రెండేండ్లపాటు నిత్యము వేయిమంది కూలీలు, నూరు బండ్లు ఆ పనిలో నుండెను. అచటి శాసనము చెరువునకు కావలసిన పండ్రెండు సాధనములను చెప్పి, పిదప ఆరు దోషములను పేర్కొనినది. కట్ట ఊటలు, చవుడునేల, నీరు తక్కువై భూమి ఎక్కువగుట వంటి వానితోపాటు, రెండు రాజ్యముల సరిహద్దున చెరువుండుట కూడ ఒక దోషమని అందున్నది. మిగిలిన దోషములు మంటికిని నీటికిని సంబంధించినవి, ఇది మనుష్యులది. ఇద్దరు ప్రభువుల నడుమనున్న నీరు తగవునకు మూలమని ఆ శిల్పులకు తెలియును.

తాందులా నీరు నేడు అట్టి సరిహద్దుననే ఉన్నది. ఒక ఒడ్డున పొలము, మరియొక ఒడ్డున కొలిమి. రెండును బ్రతుకవలసిన రాజ్యములే. సరిహద్దును తుడిచివేయుట ఎవరికిని సాధ్యము కాదు గాని, దానిని దాచకుండుట సాధ్యము. పోరుమామిళ్లవారు చెరువు గుణదోషములను రాతిపై చెక్కి అందరును చదువునట్లు నిలిపిరి. ఛత్తీస్‌గఢ్‌లో ఒక పాత మర్యాద నేటికిని నిలిచియున్నది: మండువేసవిలో పెద్ద జలాశయముల తూములెత్తి, కాలువల ద్వారా ఊరి నిస్తారీ చెరువులను నింపుదురు. నిస్తారీ యనగా ఊరివారందరి నిత్యావసరములకు చెందినది. భిలాయి కొళాయిలకు పోవు నీరును, ఆ చెరువులకు పోవు నీరును ఆ దినములలో ఒకే జలాశయపు తూములనుండి వెడలును. ఆ తూమునెత్తు వేళను, ఎవరి వంతు ఎంతయను లెక్కను రెండు ఒడ్డులవారును ఎరిగియుండుట న్యాయము. కండేల్ రైతు 1920లో కోరినది అంతకు మించి లేదు.